ట్యాంకులో గంటకు 36 సెంటీమీటర్లు

ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల వైపు ఒక చిన్న పట్టణం. పేరు రాయను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. బోర్డులు ఒడియాలో ఉంటాయి, బజారు బేరాలు సగం తెలుగులో సాగుతాయి. నాది శ్రీకాకుళం జిల్లా. తాగునీటి లైన్లలో లీకులు వెతకడం వృత్తి. ఈ ఊరికి నన్ను పిలిచింది మాత్రం లీకుల కోసం కాదు, కొత్త బోరుకి అంచనా వేసే పనిలో ఒక చెయ్యి వేయమని.

వాళ్ల లెక్క సూటిగానే ఉంది. నేను చూసిన జోన్‌లో 640 కనెక్షన్లు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు. ఇంటికి ఐదుగురు చొప్పున 3,200 మంది. నీళ్లు వదిలేటప్పుడు పంపు ఆపేస్తారు కాబట్టి ట్యాంకు మట్టం ఎంత దిగిందో చూస్తే ఎంత వెళ్లిందో తేలిపోతుంది. ఉదయం గంటన్నరలో 1 లక్షా 80 వేల లీటర్లు, సాయంత్రం గంటన్నరలో 1 లక్షా 40 వేలు. మొత్తం 3 లక్షల 20 వేలు, అంటే మనిషికి 100 లీటర్లు. పట్టణాలకు ఇవ్వాల్సింది 135. తక్కువ పడిన 35 లీటర్లకు కొత్త బోరు, కొత్త ట్యాంకు. పైగా 2021 జులైలో పూరీలో 24 గంటలూ కుళాయి తిప్పుకుని నేరుగా తాగే నీళ్లు మొదలయ్యాక, ఒడిశాలో ప్రతి చిన్న ఊళ్లోనూ "మనకెప్పుడు?" అన్న మాట లేచింది. ఇక్కడా లేచింది.

నేను అడిగింది ఒక్కటే. "ఈ ట్యాంకు కింద లీకెంత?"

"పది పర్సెంటు ఉంటాది సార్" అన్నారు. ఎలా తెలుసంటే, గతంలో ఎవరో రిపోర్టులో అలా రాశారట. ఇళ్ల మీటర్లు సగం లేవు, ఉన్నవాటిలో తిరిగేవి తక్కువ. అలాంటి చోట పర్సెంటు ఎవరు చెప్పినా అది మొహమాటానికి చెప్పిన అంకే అనుకోవాలి.

కొలవడం ఎలా

24 గంటలూ నీళ్లుండే ఊళ్లో లీకు కొలవడం తేలిక. రాత్రి 2 నుంచి 4 మధ్య జనం నిద్రపోతారు, లీకులు నిద్రపోవు. ఆ వేళ మీటరులో కనిపించే ప్రవాహంలో చాలా భాగం లీకే. రోజుకు మూడు గంటలే నీళ్లొచ్చే ఊళ్లో ఆ పప్పులుడకవు. నీళ్లొచ్చే ఆ కాస్త సేపూ ప్రతి ఇంట్లో ప్రతి బిందే కుళాయి కిందే ఉంటుంది. ఏది వాడకం, ఏది లీకు?

దీనికి పాత పద్ధతి ఒకటుంది. అర్ధరాత్రి దాటాక ఇళ్ల కుళాయిలన్నీ కట్టించి, పంపు ఆపి, ట్యాంకు నుంచి లైనుకి నీళ్లు వదిలి పెడతాం. పైపులు నిండాక ట్యాంకు మట్టం ఇంకా దిగుతోందంటే ఆ నీళ్లు నేలలోకే పోతున్నట్టు. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. ఈ ట్యాంకు లోపలి వ్యాసం 8 మీటర్లు, అంటే వైశాల్యం 50 చదరపు మీటర్లు. మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 500 లీటర్లు. స్టీలు టేపుకి సుద్దపొడి రాసి, మ్యాన్‌హోల్ లోంచి దించి, తడి గుర్తు చదువుకోవడమే. టేపు ఊగకుండా చివర కాస్త బరువు కట్టాలి, అంతే.

కష్టమంతా 640 ఇళ్ల కుళాయిలు కట్టించడంలో ఉంది. అది నా వల్ల అయ్యేది కాదు, ఆఫీసు సిబ్బంది వల్లా అయ్యేది కాదు. జలసాథీలు చేశారు. ఒడిశా పట్టణాల్లో మహిళా సంఘాల నుంచి తీసుకున్న ఆడవాళ్లు వీళ్లు. ఇంటింటికీ వెళ్లి మీటరు చదువుతారు, బిల్లు వసూలు చేస్తారు, నీటి పరీక్ష చేస్తారు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ ఇంటికి ఏ భాషలో చెప్పాలో వాళ్లకు తెలుసు. నలుగురు కలిసి రెండు సాయంత్రాల్లో ఇళ్లన్నీ తిరిగారు.

వాళ్లు తెచ్చిన మొదటి వార్తకే నేను కాస్త ఆగిపోయాను. 27 ఇళ్లలో కుళాయే లేదు. పైపు కొస ఉంది, తల లేదు. నీళ్లు వచ్చేదే గంటన్నర, ఇంక కట్టేదెప్పుడు? బిందె నిండితే తీస్తారు, తర్వాత పైపు కాలవలోకి. వీళ్లని తిట్టి లాభం లేదు, మూడు గంటల సరఫరా నేర్పిన అలవాటే ఇది. ఆ 27 పైపులకీ చెక్క బిరడాలు కొట్టించాం.

మొదటి రాత్రి పరీక్ష వ్యర్థం. గంటకు 52 సెంటీమీటర్లు దిగింది. ట్యాంకు మీద నేను, కింద ఒడియా ఫిట్టరు, ఇద్దరం నోళ్లు వెళ్లబెట్టాం. పొద్దున్నే ఆరా తీస్తే రెండో వీధిలో పెళ్లి. వంటవాళ్లు రాత్రి ఒంటిగంటకు కుళాయిలో నీళ్లు చూసి, దేవుడిచ్చాడనుకుని, డ్రమ్ములన్నీ నింపేశారు. ముహూర్తాలు చూసుకుని పరీక్ష పెట్టుకోవాలని ఏ మాన్యువల్‌లోనూ రాయలేదు. నేను రాసుకున్నాను.

రెండోసారి, మూఢంలో పెట్టాం. గంటకు 36 సెంటీమీటర్లు. అంటే 18,000 లీటర్లు.

ఆ అంకెను ఎలా చదవాలి

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. నేనూ ఒకప్పుడు వేశాను. గంటకు 18,000 కాబట్టి మూడు గంటలకు 54,000 పోతున్నాయని రాసేస్తారు. కాదు. పరీక్ష రాత్రి కుళాయిలన్నీ కట్టి ఉన్నాయి కాబట్టి పల్లపు వీధిలో ఒత్తిడి 16 మీటర్లు చూపించింది, అంటే నీళ్లని అంత ఎత్తుకి లేపగల ఒత్తిడి. మామూలుగా నీళ్లొదిలే వేళ అదే వీధిలో 5 మీటర్లు దాటదు. ఒత్తిడి తగ్గితే లీకూ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది పైపుని బట్టి ఉంటుంది. ఇనప పైపులో బెజ్జం ఉందనుకోండి, ఒత్తిడి రెట్టింపైతే లీకు సుమారు 1.4 రెట్లు అవుతుంది. ప్లాస్టిక్ పైపులో నిలువు చీలికైతే ఒత్తిడికి నోరు ఇంకా తెరుచుకుంటుంది, 2.8 రెట్ల దాకా పోతుంది. రెండూ కలగలిసిన ఊళ్లలో ఒత్తిడి ఎన్ని రెట్లు మారితే లీకూ అన్ని రెట్లు మారుతుందనుకోవడం వాడుక.

ఆ లెక్కన నీళ్లొదిలే వేళ లీకు గంటకు 6,000 లీటర్ల దరిదాపు. మూడు గంటలకు 18,000. మొత్తం 3 లక్షల 20 వేలలో ఆరు శాతం కూడా లేదు! కేంద్ర ప్రభుత్వ తాగునీటి మాన్యువల్ ఒప్పుకునే నష్టం 15 శాతం, 2008లో పట్టణాభివృద్ధి శాఖ పెట్టిన ప్రమాణం 20 శాతం. కాగితం మీద ఈ ఊరు ఆదర్శమే. ఆఫీసులో ఈ మాట చెప్పగానే మొహాలు విప్పారాయి. "మరింకేం, బోరు వేసేద్దాం."

అప్పుడు రెండో లెక్క బోర్డు మీద వేశాను. వాళ్లు కోరుకున్నట్టు 24 గంటలూ నీళ్లిస్తే పైపుల్లో రోజంతా ఆ 16 మీటర్ల దరిదాపు ఒత్తిడి నిలుస్తుంది. గంటకు 18,000 చొప్పున 24 గంటలకు 4 లక్షల 32 వేల లీటర్లు. ఇప్పుడు ఊరంతటికీ ఇస్తున్న నీళ్ల కంటే ఎక్కువ. కొత్త బోరు, కొత్త ట్యాంకు ఎన్ని కట్టినా ముందు నేల తాగుతుంది, మిగిలితే ఊరు. కొద్ది గంటల సరఫరా లీకుని ఆపదు, దాన్ని గంటల లెక్కలో దాచేస్తుంది. శాతాల్లో మాట్లాడితే అది అలాగే దాగి ఉంటుంది. అందుకే నేను కనెక్షనుకు గంటకు ఎన్ని లీటర్లు, ఏ ఒత్తిడి దగ్గర అని రాస్తాను. ఇక్కడ 28 లీటర్లు, 16 మీటర్ల దగ్గర.

ఇంకో నష్టముంది, దాన్ని ఎవరూ లీకు పద్దులో రాయరు. ఈ జోన్‌లో లైన్లు 4 కిలోమీటర్లు. సగటున 80 మిల్లీమీటర్ల పైపు అనుకుంటే మీటరుకు 5 లీటర్లు పడతాయి, మొత్తం 20,000 లీటర్లు. వాల్వు కట్టేయగానే ఇవి లీకుల్లోంచి, పల్లపు ఇళ్ల కుళాయిల్లోంచి కారిపోతాయి. సాయంత్రం మళ్లీ ముందు పైపుల కడుపు నిండాలి. ఆఖరి వీధికి నీళ్లు నలభై నిమిషాలు ఆలస్యంగా రావడం అందుకే. గంటన్నరలో నలభై నిమిషాలు పోతే వాళ్లు ఊరుకుంటారా? కుళాయి దగ్గర గొయ్యి తవ్వి పైపు దించుకున్నారు, కొందరు మోటార్లు బిగించి లాగుతున్నారు. ఖాళీ పైపులోకి కాలవ నీళ్లు కూడా చేరతాయి కాబట్టి మొదటి పది నిమిషాలు మురుగ్గా వస్తుందని పారబోయడం ఊరంతా అలవాటు. ఇంటికి నిమిషానికి రెండు లీటర్లనుకున్నా ఒక్కో పూటకు 12,800 లీటర్లు. ఇదంతా 'వాడకం' కిందే జమ.

వీధి వీధికీ

మూడో రాత్రి వాల్వులు ఒక్కొక్కటే కడుతూ, పదిహేను నిమిషాలకోసారి మట్టం చదివాం. ఐదు వీధుల గుంపులు, ఐదు వాల్వులు. అన్నీ తెరిచి ఉన్నప్పుడు పావుగంటకు 9 సెంటీమీటర్లు దిగుతోంది. ట్యాంకుకి దూరంగా ఉన్న ఐదోది కట్టగానే 8. నాలుగోది కట్టాం, అప్పుడూ 8. మూడోది కడితే 5. రెండోది కడితే 4. ఒకటోది కడితే మూడున్నర.

నాలుగో వీధిలో లీకే లేదా? ఫిట్టరు సంబరపడ్డాడు, నాకు నమ్మబుద్ధి కాలేదు. పాత సిమెంటు పైపులున్న వీధి అది, అంత శుభ్రంగా ఉండడానికి వీల్లేదు. వెళ్లి ఒక ఇంటి కుళాయి తిప్పితే ధారగా నీళ్లు. వాల్వు కట్టాక కుళాయి ఎండాలి కదా! టీ రాడ్‌తో తిప్పుతుంటే స్పిండిల్ తిరుగుతోంది గానీ లోపల గేటు దిగడం లేదు, ఎప్పుడో విరిగిపోయింది. ఎన్నేళ్లుగా ఆ వాల్వుని రోజూ ఉత్తినే తిప్పుతున్నారో ఎవరికీ తెలియదు. అది మార్చి మళ్లీ చదివితే మూడున్నర కాస్తా ఒకటిన్నర అయింది. చివరికి ట్యాంకు అవుట్‌లెట్ కూడా కట్టేస్తే అర సెంటీమీటరు, అది ట్యాంకు గోడది. అందుకే పరీక్షలో ఏ వాల్వు కట్టినా ముందు ఆ వీధి కుళాయి ఎండిందో లేదో చూడాలి, తర్వాతే మట్టం చదవాలి.

గంట లెక్కలోకి మారిస్తే ఇలా తేలింది. మూడో వీధి గుంపులో 6,000 లీటర్లు, నాలుగులో 4,000, రెండులో 2,000, ఐదులో 2,000, ఒకటిలో 1,000. ట్యాంకు నుంచి వచ్చే పెద్ద లైనులో 2,000, ట్యాంకులో 1,000. మొత్తంలో సగానికి పైగా రెండు వీధి గుంపుల్లోనే.

మూడో వీధిలో పగలంతా తిరిగినా పైకి చుక్క కనిపించలేదు. ఆ వీధి చివర గెడ్డ, అంటే చిన్న వాగు, దాని మీద మదుం, అంటే రోడ్డు కింది తూము. మార్చి నెల, గెడ్డ ఎండిపోయి ఉంది. మదుం పక్కన ఒక మామ్మ చిన్న పాక వేసుకుని ఉంటోంది. ఏం వెతుకుతున్నావని అడిగింది, చెప్పాను.

"ఏటి బావూ, ఊరంతా తిరిగినావు. గెడ్డ ఎండిపోనాది గానీ ఈ మదుం కింద మడుగు ఏ ఏడూ ఎండనేదు. నా బచ్చలి పాదు దీని మీదే బతుకుతంది."

మడుగులో నీళ్లు సీసాలో పట్టి క్లోరిన్ పరీక్ష మందు వేస్తే పసుపు తిరిగింది. ఊట నీళ్లలో క్లోరిన్ ఉండదు. ఇది ట్యాంకు నీరే. మదుం కింద తవ్వితే వాషవుట్ పైపు బయటపడింది. లైనులో అడుగున చేరిన మట్టిని బయటికి వదలడానికి పల్లంలో పెట్టే వాల్వు. తిత్లీ తుపాను, అంటే 2018 అక్టోబరులో, చెట్లు కూలి లైన్లు దెబ్బతిన్నప్పుడు బాగుచేశాక లైను కడగడానికి దీన్ని తెరిచారని పాత ఫిట్టరు గుర్తు చేసుకున్నాడు. మళ్లీ కట్టారు గానీ గేటు కింద రాయి ఇరుక్కుని పూర్తిగా పడలేదు. పైన రోడ్డు వేసేటప్పుడు వాల్వు మూత కూడా మట్టిలో కలిసిపోయింది. ఆ ఒక్కటీ కడితే మూడో వీధి నష్టంలో పెద్ద ముక్క పోయింది.

తర్వాత మామ్మ నన్ను చూసినప్పుడల్లా బచ్చలి సంగతి ఎత్తుతూనే ఉంది. ఆమెకు వీధి కుళాయి వంద గజాల దూరం. ఇంటికి కనెక్షన్ ఇవ్వమని ఆఫీసులో చెప్పాను, పాకకి పట్టా లేదన్నారు.

నాలుగో వీధిలో అసలు పని. పాత సిమెంటు పైపుల మీద ఫెర్రూళ్లు (ఇంటి పైపుని పెద్ద పైపుకి కలిపే చిన్న ముక్కలు), అక్కడి నుంచి ఇళ్లకి జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనప పైపులు), అవి కూడా మురుగు కాలవ అడుగునే. తుప్పు పట్టి, చేత్తో నొక్కితే చితికిపోయేవి ఉన్నాయి. లీకు అనగానే జనం పెద్ద పైపు పగిలి రోడ్డు మీద ఏరు పారడం ఊహించుకుంటారు. అలాంటిది కనిపిస్తుంది కాబట్టి అరగంటలో ఫోను వస్తుంది, సాయంత్రానికి మూసేస్తారు. ఫెర్రూలు దగ్గర 3 మిల్లీమీటర్ల బెజ్జం, 15 మీటర్ల ఒత్తిడికి, గంటకు 260 లీటర్లు. అది ఎవరికీ కనిపించదు. కాలవలోకే పోతుంది కాబట్టి నేల కూడా తడవదు. ఏళ్ల తరబడి సాగుతుంది. లీకు ఎంత పెద్దదన్నదాని కంటే ఎన్నాళ్లు బతికిందన్నదే ఎక్కువ ముంచుతుంది.

వినే కర్రతో వెతకడం గురించి ఒక మాట. ఇనప కడ్డీ కొసన చెవి ఆనించే బిళ్ల ఉంటుంది, అంతే పరికరం. ప్లాస్టిక్, సిమెంటు పైపుల్లో చప్పుడు దూరం నడవదు. జీఐ పైపులో బాగా నడుస్తుంది. కాబట్టి రోడ్డు మీద కాదు, ఇంటి స్టాప్‌కాక్ మీద పెట్టి వినాలి. అదీ సరఫరా వేళ కాదు, అప్పుడు ఒత్తిడి లేక లీకు గొంతు పెగలదు. కుళాయిలన్నీ కట్టిన పరీక్ష రాత్రే వినాలి. ఆ ఒక్క రాత్రి నాలుగో వీధిలో 31 చోట్ల గుర్తు పెట్టాం, తవ్వితే 26 నిజం. రెండు చోట్ల మేం విన్నది ఎవరింట్లోనో ఫ్రిజ్ చప్పుడు.

జీఐ తీసేసి నీలం పాలీ పైపు వేశాం, కాలవని దాటే చోట గొట్టంలోంచి పంపాం, ఇత్తడి ఫెర్రూలు, కొత్త సాడిల్ (ఫెర్రూలుని పైపుకి పట్టి ఉంచే పట్టీ). సిమెంటు పైపుని కోయాల్సి వచ్చినప్పుడు నీళ్లు పోస్తూ చేతి రంపంతోనే కోయించాను. ఆ పైపుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి పీల్చడం ప్రాణానికి ముప్పు. ఫిట్టర్లు "ఇన్నేళ్లూ మిషన్‌తోనే కోశాం" అన్నారు. అదే నా భయం.

తర్వాత

నష్టం తగ్గగానే లైన్లలో ఒత్తిడి పెరిగింది. రెండు వారాల్లో తొమ్మిది కొత్త చోట్ల పైపులు పేలాయి, అన్నీ మేం ముట్టుకోని వీధుల్లో పాత జీఐలే. బాగుచేస్తే ఇంకా పాడైందని ఒక పూట పెద్ద గోల. ఈ సంగతి ముందే చెప్పాల్సింది, నేను చెప్పలేదు. ట్యాంకు అవుట్‌లెట్ వాల్వుని కొన్ని చుట్లు బిగించి ఒత్తిడి దించాం, వాల్వులు నెమ్మదిగా తిప్పడం నేర్పాం, ఒక్కొక్క పైపే మార్చుకుంటూ మళ్లీ వదిలాం.

వర్షాలకు ముందు చేసిన పరీక్షలో గంటకు 11 సెంటీమీటర్లు దిగింది, అంటే 5,500 లీటర్లు. కనెక్షనుకు 28 లీటర్లున్నది 9 లీటర్ల లోపుకి వచ్చింది. రోజుకి మిగిలిన నీళ్లు చూస్తే పెద్దగా కనిపించవు, సరఫరా వేళ లీకు మొదట్నుంచీ తక్కువే కదా. మారింది వేరే చోట. పైపులు మునుపటంత ఖాళీ కావడం లేదు, ఆఖరి వీధికి నీళ్లు పావుగంటలో అందుతున్నాయి. మొదటి నీళ్లు పారబోయడం తగ్గిందని జలసాథీలు చెబుతున్నారు. మోటార్లు మాత్రం ఎవరూ తీయలేదు.

24 గంటల సరఫరాకి ఊరు ఇంకా సిద్ధంగా లేదు. 5,500 చొప్పున రోజంతా పోతే 1 లక్షా 32 వేలు, ఇప్పటి సరఫరాలో నలభై శాతం దాటుతుంది. ఆ 11 సెంటీమీటర్లలో 4 పెద్ద లైనువి, 2 ట్యాంకు గోడవి. పెద్ద లైను లీకు రోడ్డు కింద ఉంది, తవ్వడానికి రోడ్ల శాఖ అనుమతి కోసం కాగితం పెట్టాం. ట్యాంకు పగుళ్లు పూయడానికి రెండు రోజులు సరఫరా ఆపాలి, ఆ రెండు రోజులు ఏ నెలలో అన్నది తేలడం లేదు. ఈ రెండూ అయితే 5 సెంటీమీటర్లు మిగులుతుంది. గంటకు 2,500, రోజంతా నీళ్లిచ్చినా 60,000, అంటే 20 శాతం లోపు. కొత్త బోరు ఫైలు అప్పటిదాకా పక్కన పెట్టడానికి ఆఫీసు ఒప్పుకుంది, రాతపూర్వకంగా కాదు.